పత్తి కుప్ప ముందు మా మేనత్త

నలభై ఆరేళ్ళ వయసులో కెమెరాలో మాన్యువల్ మోడ్ నేర్చుకోవాలనుకోవడం నాకు పట్టిన పిచ్చి. నేను బడిపంతులమ్మని. పాఠాలు చెప్పడం కంటే ఫోన్లో ఫోటోలు ఎక్కించడానికే సగం పొద్దు పోతుంది. పిల్లలు అన్నం తింటున్న ఫోటో ఒకటి, కడిగిన మరుగుదొడ్డి ఫోటో ఒకటి. సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికి చేరేసరికి కాళ్ళు పీకేస్తుంటాయి. అయినా సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా కొన్నానంటే దానికి కారణం మా మేనత్త.

అత్త మంచి నలుపు. దానికితోడు నలభై ఏళ్ళు పత్తి చేలలో, మిరప కల్లాల్లో ఎండిన ఒళ్ళు. కూతురి పెళ్ళి ఆల్బమ్‌లో ఆమె ఎక్కడుందో చీర అంచును బట్టి పోల్చుకోవాలి. ఒకసారి స్టూడియో అతను కంప్యూటర్లో ఆమె మొహానికి ఇంత తెలుపు పులిమి ఇచ్చాడు. అది చూసి సొంత మనవరాలే ఎవరీవిడ అని అడిగింది. ఆ రోజు అత్త నవ్వలేదు.

"నేను పోయాక పటం కట్టడానికైనా నా మొహం ఉన్న ఫోటో ఒక్కటి తియ్యమ్మాయ్," అంది నాతో.

జనవరిలో ఒక ఆదివారం వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క సెలవూ పడుకుని ఉందామనిపించింది. వాళ్ళ వసారాలో పత్తి నడుమెత్తు కుప్ప పోసి ఉంది. ఫోటో ఆ కుప్ప ముందే తియ్యాలని మావయ్య పట్టుబట్టాడు. పంట ఇంటికొచ్చాక దాని ముందు ఫోటో దిగడం మా వైపు రైతులకు ముచ్చట. వద్దంటే వినే మనిషి కాదు.

నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాను. లెన్స్ ఎంత తెరవాలో, ఎంతసేపు తెరవాలో తిప్పి తిప్పి, వెలుగు కొలిచే మీటరు ముల్లును సున్నా మీదికి తెచ్చి నొక్కాను. పత్తి బూడిద రంగులో పడింది. అత్త మొహం మసిగుడ్డ. మావయ్య చూసి, పత్తి వానకు తడిసినట్టుంది, ఎవరికీ చూపించకు, వ్యాపారి కంటపడితే ధర కోస్తాడు అన్నాడు. మీటరుకు తెలుపంటే పడదని అప్పుడు అర్థమైంది. ఎంత తెల్లటిదాన్నయినా బూడిద చేస్తేగానీ దానికి నిద్రపట్టదు.

వెలుగు ఇంకాస్త పడేలా షట్టరు వేగం తగ్గించాను. ఈసారి పత్తి మల్లెపూవులా వచ్చింది, గింజ చుట్టూ పోగులు కూడా కనపడుతున్నాయి. మావయ్య మురిసిపోయాడు. తెలుపు చెడకుండా తియ్యాలని చదివిన పాఠం గుర్తొచ్చి నేనూ మురిశాను. అత్త కెమెరాను దగ్గరికి లాక్కుని చూసి తిరిగిచ్చేసింది. ఆమె మొహంలో మళ్ళీ కనపడేవి కళ్ళూ పళ్ళే. సిగ్గుతో నా తల వంగిపోయింది. నేనూ ఆమెను వదిలేసి పత్తినే చూశాను.

నడుము పడిపోతోంది. కింద కూలబడి, పత్తి సంగతి దేవుడికి వదిలేసి, మీటరు చూపు ఆమె చెంప మీదికి మాత్రమే తిప్పాను. షట్టరు ఇంకా ఇంకా తగ్గించాను, చెయ్యి వణక్కుండా మోకాలికి ఆనించి. నలుపునూ బూడిద చెయ్యకుండా, ముల్లు సున్నాకు కాస్త కిందే నిలబడ్డాక నొక్కాను.

అత్త వచ్చింది. నుదుటి మీద గీతలు, పొలుసు తేలిన బుగ్గలు, ముక్కుపుడక పక్కన చిన్న మచ్చ, అన్నీ వచ్చాయి. ఆమె నలుపు ఆమె నలుపులాగే ఉంది. వెనక పత్తి మాత్రం లేదు. ఒట్టి తెల్లటి వెలుగు.

మావయ్య కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశాడు. "పత్తేదమ్మాయ్? ఇంత పంటా ఏమైంది?"

అత్త కెమెరాలోంచి తలెత్తలేదు. "పత్తిని ఏటా చూస్తూనే ఉన్నావుగదయ్యా. నన్ను చూడు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కెమెరా ఇంకోసారి అడిగి తీసుకున్నాడు.