భుజకీర్తుల వెనకవైపు

తిరుత్తణి రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినవాళ్ళు ఎందుకో ఎక్కగానే నిద్రపోతారు. కిటికీ కావాలనుకునేవాళ్ళం మాత్రం నిలబడి, వాళ్ళ తలకాయల మీదుగా తిరువాలంగాడు పొలాలు చూసుకోవాల. దీని మీద రైల్వేవాళ్ళకు ఒక అర్జీ పెట్టాలని పదేళ్ళుగా అనుకుంటా ఉన్నాను.

ఆ రోజైతే నాకు పొలాలు కూడా కనపడలేదు. రెండు చేతుల్లోనూ రెక్కల్లాంటి చెక్కలు. ఎర్రరంగు, పసుపురంగు, మధ్యలో అద్దం పెంకులు. తిరువళ్ళూరులో పాత సామాన్ల అంగడిలో, విరిగిన కుక్కర్ల కింద దొరికినాయి. "మంచానికి తలవైపు పెట్టేది సార్," అన్నాడు అంగడాయన. నేను జాలిగా నవ్వినాను. పాత వస్తువులను గుర్తుపట్టడానికి నాకు ఎం.కాం. పట్టా, ఒక సెల్‌ఫోను ఉన్నాయి. గోటితో గీకి, వాసన చూసి, ఇవి ఏదో గుడి వాహనం రెక్కలని, తక్కువలో తక్కువ రెండు వందల ఏళ్ళవని తేల్చినాను. గోటికి అంటిన రంగు మా ఇంటి గేటు రంగులాగే ఉందన్న సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

తిరుత్తణిలో మా మేనమామ లుంగీలు నేస్తాడు. ఆయన చేత భేష్ అనిపించుకోవాలని నా ఆశ. మగ్గం గుంతలోంచి లేవకుండానే చూసి, "వాహనమూ కాదు, నీ తలకాయా కాదు. భారతం ఆటలో కట్టుకునే భుజకీర్తులురా ఇవి," అన్నాడు.

నా రెండు వందల ఏళ్ళు అంతటితో పోయినాయి.

మామ ఒకప్పుడు దుర్యోధనుడి వేషం కట్టేవాడని మాకందరికీ తెలుసు. మరిచిపోతామేమోనని వారానికోసారి ఆయనే గుర్తుచేస్తాడు. అటక మీదున్న భుజకీర్తులను చెదలు తినేసినాయని అత్త చెప్పిన రోజుతో ఆ వేషం ముగిసింది. అరువు జతతో ఆడనని పట్టుబట్టి, మళ్ళీ ఆట మొగం చూడలేదు.

"యాడ దొరికినాయిరా?" అన్నాడు, ఈసారి గుంతలోంచి లేచి.

నేను రంగుల గురించి మొదలుపెట్టబోతే, "ముందరపక్క ఎవురైనా పూస్తారు. తిప్పు," అన్నాడు.

తిప్పినాను. భుజం ఒరుసుకోకుండా వెనకాల గళ్ళ గుడ్డ అంటించి ఉంది. మామ కళ్ళజోడు తెచ్చుకుని, వేలికొసతో పోగులు లెక్కపెట్టినాడు. ఒకసారి చాలలేదు, మళ్ళీ పెట్టినాడు.

"గడికి రెండు ఎర్రపోగులు రావాల. ఈడ చూడు, మూడు. నా చేతి తప్పే ఇది. ఈ లుంగీ చెల్లదని షావుకారు నా మొగానే కొట్టినాడు. దాన్నే కోసి నా భుజకీర్తులకు అంటించుకుంటిని. నాయివేరా ఇవి."

తప్పు నేసినందుకు ఒక మనిషి అంత సంతోషపడటం నేను అంతకుముందు చూడలేదు. భుజాలకు కట్టమన్నాడు. కట్టినాను. బనియన్ మీద దుర్యోధనుడు బాగానే ఉన్నాడు, పొట్ట ఒక్కటే కొంచెం ముందుకొచ్చి నిలబడింది. అట్లా నిలబడి ఉండగానే ఆయనకు అనుమానం వచ్చింది.

"చెదలు తిన్నవి తిరువళ్ళూరికి ఎట్ల పోతాయిరా?"

నేను మగ్గాన్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టినాను. మామ వంటింటివైపు తిరిగి, "ఏమే, ఇట్లా రా. ఇవి చెదలు తినేసినాయంటివే?" అన్నాడు.

అత్త బియ్యం కడుగు నీళ్ళు కారే చేతులతో వచ్చి, ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"చెదలు యాడివి? నేనే పాత సామాన్లోడికి ఏసినాను. నువ్వు బాగా ఆడేవాడివైతే ఏస్తానా?"