మామ కనుబొమ్మలు

మా మామ కనుబొమ్మలు ఒకప్పుడు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో పెద్ద వార్త. మా ఆయనకు తండ్రి, అరవై దాటిన మనిషి. నెత్తిన తెల్ల టోపీ, ఒంటిమీద ఖద్దరు అంగీ, నడుముకు ధోతి, ముఖాన మాత్రం పెళ్లికూతురి కనుబొమ్మలు! ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లు కప్పు కింద పెట్టి మరీ చూసేవాళ్లు. ఆ పని చేసింది నేనే. ఆయన అడిగి చేయించుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లు నేను ఆడవాళ్ల ముఖాల మీద ధైర్యంగా చెయ్యి వేశానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆ రుణం తీరేది కాదు, కనీసం చెప్పుకోవాలి కదా.

మాది మంగలి ఇల్లు. పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే. నా చిన్నప్పుడు నాన్న కుండ బోర్లించి, దానికి సబ్బు నురగ పూసి, సరదాకి నా చేత కత్తి పట్టించేవాడు. ఎడమచేతి బొటనవేలితో చర్మం సాగదియ్యాలి, కుడిచేత్తో కత్తి నడపాలి. కుండకు చర్మం ఎక్కడిది? అయినా బొటనవేలు పెట్టి లాగకపోతే నెత్తిన మొట్టేవాడు. ఆ అలవాటు నా చేతికి అట్లాగే అంటుకుపోయింది.

నేను కోడలిగా వచ్చేనాటికి మామకు హుస్సేనీ ఆలంలో రెండు కుర్చీల సెలూన్ ఉండేది. మా ఆయన కత్తి పట్టనని కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ నౌకరీలో చేరాడు. పందొమ్మిది వందల డెబ్బైల నడుమ కుర్రాళ్లంతా ఒకరిని చూసి ఒకరు చెవులు మునిగేలా జుట్టు పెంచారు. నెలకోసారి వచ్చేవాడు ఆరు నెలలకు కూడా రాకపోతే సెలూన్ ఎట్లా నడుస్తుంది? ఒక కుర్చీలో దుమ్ము, రెండో కుర్చీలో మామ. "ఇగ మూసేద్దాం బాపూ, ఇంట్ల కూసో" అని మా ఆయన రెండు మూడుసార్లు అన్నాడు. మామ తోలు పట్టీ మీద కత్తి నూరుతూ ఉండిపోయాడు. గిరాకీ లేని కత్తిని రోజూ అట్లా నూరడం చూస్తే నాకు భయం వేసేది. దుకాణం పోతే ఆ మనిషి మిగలడని నాకు గట్టిగా అనిపించింది.

అప్పటికి మామ ముందు కొంగు కప్పుకోకుండా నిలబడి ఎరగను. ఒక సాయంత్రం అన్నం పెడుతూ తల వంచుకునే అన్నాను.

"మామా, ఒక కుర్చీ ఆడోళ్లకు పెడితే ఎట్లుంటది? నేను నేర్చుకుంట."

మా అత్త చేతిలో గరిటె ఆగింది. మామ ముద్ద నమిలి మింగి, "ఎవరు నేర్పుతరు బిడ్డా?" అన్నాడు. ఎందుకు అనలేదు, ఆడదానివి నీకేంది అనలేదు. ఎవరు నేర్పుతారు అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఆయనకు సగం శిష్యురాలినైపోయాను.

మా సెలూన్లకు మంగళవారం సెలవు. ఆ మంగళవారమే ఆయన ధోతి ఉతికించుకుని కట్టి, నాకు చదువు చెప్పేవాళ్లను వెతకడానికి బయలుదేరాడు.

మొదట ఆబిడ్స్. అక్కడ ఒక చీనా మేడమ్ బ్యూటీ పార్లర్ నడుపుతోందని ఎవరో చెప్పారు. మగవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. మామ గంటసేపు ఎండలో నిలబడి, వాచ్‌మన్ చేత ఒక్కో ప్రశ్నా లోపలికి పంపి, ఒక్కో జవాబూ బయటికి తెప్పించుకున్నాడట. "ఆరు నెలలు నేర్చుకోవాలెనట. పొద్దుగాల పోతే పొద్దుగూకినంక రావాలె. చంటిపిల్లను ఎంట తేవొద్దట" అన్నాడు ఇంటికొచ్చి. నా చంకలో ఆరు నెలల బిడ్డ.

తర్వాత సర్కారువారు ఆడవాళ్లకు పనులు నేర్పే కేంద్రం. అక్కడ సర్టిఫికెట్ ఇస్తారు, కానీ పదో తరగతి పాసై ఉండాలి. నేను ఏడుతో ఆగినదాన్ని. "కనుబొమ్మలు తీసెటందుకు పదో తరగతి ఎందుకు సార్, ఎంట్రుకలు ఏమన్న ఇంగ్లీషు మాట్లాడుతయా?" అని మామ అక్కడి గుమాస్తాతో లొల్లి పెట్టుకుని వచ్చాడు. ఆ గుమాస్తా నవ్వాడట గానీ ఫారం ఇవ్వలేదు.

మూడోది లాడ్ బజార్ వెనక సందులో ఒక ముసలావిడ. ఉర్దూలో పిన్ని అన్నట్టు, అందరూ ఖాలా అనేవాళ్లు. రెండు తరాల పెళ్లికూతుళ్లకు నలుగు పెట్టి, దారంతో ముఖం మీది నూగు తీసి, ముస్తాబు చేసిన చెయ్యి. బోర్డు లేదు, అద్దం కూడా పగిలినదే. బిడ్డను ఎత్తుకునే రమ్మంది, మంగళవారాలే రమ్మంది. మామ అక్కడా గడప బయటే నిలబడి మాట్లాడి వచ్చాడు.

నేను ఇంకా దారం పట్టనే లేదు, ఆయన పెయింటర్‌ని పిలిచి సెలూన్ బోర్డు కింద "లేడీస్ బ్యూటీ పార్లర్" అని రాయించేశాడు. దుకాణం మధ్యలో చెక్క అడ్డం కొట్టించి పూల పరదా కట్టించాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా అత్త మూతి తిప్పింది. మామ పట్టించుకోలేదు. "ఈ పరదా ఏ మొగోడూ దాటొద్దు. నేను గూడ దాట" అని తన ఉత్తర్వు తానే వేసుకున్నాడు.

ఖాలా దారం ఒక కొస పళ్ల మధ్య కరిచిపెట్టుకుని, మిగతాది రెండు చేతుల వేళ్లకు మెలిపెట్టేది. ఆ మెలి కత్తెర మాదిరి తెరుచుకుని మూసుకుని వెంట్రుకను కుదురుతో లాగేస్తుంది. రెండు చేతులూ దారానివే. కాబట్టి చర్మం బిగబట్టాల్సింది మనం కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి. మొదటి పాఠం నీ కాళ్ల మీదే నేర్చుకో అంది. రెండు మంగళవారాల్లో నా కాళ్లమీద వెంట్రుకలు అయిపోయాయి. మా ఆయన పెద్ద మనసు చేసుకుని ఒక చెయ్యి ఇచ్చాడు. నాలుగు వెంట్రుకలు తీసేసరికి కేక పెట్టి లేచాడు. ఆ తర్వాత ప్రతి మంగళవారం ఆయనకు ఫ్యాక్టరీలో ఓవర్‌టైమే.

అప్పుడు మామ వచ్చి అరుగుమీద కూర్చుని, పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని, ధోతి మోకాలి దాకా జరిపి కాలు చాపాడు.

"పట్టు బిడ్డా. మస్తు ఉన్నయి, ఏడాది దాంక వస్తయి."

కోడలు మామ కాళ్లు పట్టుకుని వెంట్రుకలు పీకడమా! మా అత్త అటు తిరిగి కూర్చుంది. కానీ లేచి పోలేదు, మర్యాద కోసం పక్కనే ఉంది. మామకు నొప్పి పుట్టినప్పుడల్లా పేపరులో వార్త గట్టిగా చదివేవాడు. ఆ ఎండాకాలమంతా నేను దేశంలో సంగతులు అట్లా తెలుసుకున్నాను.

ఖాలా మాత్రం నా ఎడమచేతిని గమనించింది. పని నడుమ దారం వదిలి, బొటనవేలు ముందుకు పోయేది, చర్మం సాగదియ్యడానికి. "నక్కో బేటీ, నక్కో!" అని మణికట్టు మీద కొట్టేది. వద్దు బిడ్డా, వద్దు అని. "నీది ఉస్తరా చెయ్యి, కత్తి పట్టిన చెయ్యి. దారం పని నమ్మాలె. ఆమె పట్టుకుంటది, నువ్వు పట్టకు." తల ఊపేదాన్ని. కాళ్ల మీద ఆ తప్పు పెద్దగా తెలిసేది కాదు.

తెలిసింది మొదటి గిరాకీ వచ్చిన రోజున. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర్లోనే కాపురం ఉంటున్న టీచరమ్మ. నాలుగు రోజుల్లో చెల్లెలి పెళ్లి. "కొంచెం తీర్చిదిద్దమ్మా, ఫొటోల్లో బాగుండాలి" అని కళ్లు మూసుకుని కూర్చుంది. పరదా అవతల మామ దగ్గు కూడా ఆపుకుని కూర్చున్నాడని నాకు తెలుసు. కుడి కనుబొమ్మ చక్కగా కుదిరింది. ఎడమది చివరికి వచ్చాక రెప్ప బిగబట్టిన ఆమె వేళ్లు కాస్త వదులయ్యాయి. అంతే, నా బొటనవేలు పుట్టింటి బుద్ధి చూపించింది. ఒక చెయ్యి దారం వదిలింది, మెలి జారి ఎక్కడో పట్టుకుంది. కనుబొమ్మ కొస మొత్తం ఊడి వచ్చింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. టీచరమ్మ అద్దం చూసుకుంది. తిట్టినా బాగుండేది. "అయ్యో, ఏం చేశావమ్మా" అని మెల్లగా అని, చేతిరుమాలు కంటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను పరదా ఇవతలే కూలబడి ఏడ్చాను. "మామా, బోర్డు చెరిపించేయి. పరదా తీసేయి. నాతోని కాదు."

అవతలి నుంచి మామ గొంతు వినపడింది. "నా మొదటి గడ్డం యాదికుంది బిడ్డా. షావుకారు చెవి తమ్మె తెగింది. ఇంటికి పోయి కత్తి బాయిల పారేస్తనన్న. మా బాపు పొయ్యి కాడ కూసోని తన గడ్డం నా ముందు పెట్టిండు." ఆఖరుకు, "మంగళారం రానియ్యి" అన్నాడు.

మంగళవారం అరుగు మీద పేపరు లేదు. మామ టోపీ తీసి పక్కన పెట్టి, ముఖం పైకెత్తి కూర్చున్నాడు.

"కాళ్లతోని చదువు అయిపోయింది. కండ్లకాడ చెయ్యి. తోలు నేను పట్టుకుంట, నువ్వు దారం ఇడువకు."

ఆ రెప్పలకు చర్మం వదులు, ముడతలు. ఆయన రెండు వేళ్లతో పైకీ కిందికీ సాగదీసి పట్టుకున్నాడు. యాభై ఏళ్లు ఊరందరి చర్మం సాగదీసిన వేళ్లు తన చర్మం తనే పట్టుకుని నా ముందు నిలిచాయి. కంటి నుంచి నీళ్లు కారుతున్నా చెయ్యి తియ్యలేదు. నా బొటనవేలు రెండుసార్లు కదిలింది. రెండుసార్లూ "ఊఁ" అన్నాడు. మూడోసారి అది కదలలేదు. ఆ తర్వాత దారం పనిలో ఎప్పుడూ కదలలేదు.

పని అయ్యాక మా అత్త వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. చాలా రోజులకు ఆ ఇంట్లో పడీపడీ నవ్విన నవ్వు అది.

హోటల్లో మాటలు పడ్డాడు. "ఏంది భాయ్, ఎప్పుడు షాదీ?" అన్నారు. ఆయన చాయ్ సాసర్లో పోసుకుని తాపీగా, "మా కోడలు చేసింది. మంచిగుందా లేదా చెప్పుండ్రి. మంచిగుంటే మీ ఇండ్లల్లకెళ్లి ఆడోళ్లను పంపుండ్రి" అన్నాడట. అక్కడితో ఆగలేదు. టీచరమ్మ చెల్లెలి పెళ్లి నుంచి తిరిగొచ్చిందని తెలిసి, ఆమె ఇంటి గేటు దగ్గరికి పోయి నిలబడి టోపీ తీశాడు. "అమ్మా, ఆ రోజు తప్పయింది. ఇగో, ఇప్పుడు చెయ్యి కుదిరింది, చూడుండ్రి" అని తన కనుబొమ్మలు చూపించాడు. నాకీ సంగతి ఆయన చెప్పలేదు. రెండు నెలల తర్వాత కనుబొమ్మ పెరిగాక టీచరమ్మే వచ్చి, నవ్వుతూ చెప్పింది. "ఆ ముఖం చూశాక రాకుండా ఎట్లా ఉంటానమ్మా?" అని తన రెప్ప తనే పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత వాళ్ల స్కూలు టీచర్లంతా వచ్చారు.

బిడ్డ బడికి పోయే వయసు వచ్చాక ఆబిడ్స్ చీనా మేడమ్ దగ్గరా చేరాను. ఫేషియల్, ఆవిరి పట్టడం, ఆడవాళ్ల జుట్టు కత్తిరించడం ఆవిడ నేర్పింది. నాకు వచ్చిన ఇంగ్లీషు పది మాటలు, ఆవిడకు వచ్చిన తెలుగు అంతకన్నా తక్కువ. అయినా ఏదీ దాచుకోకుండా నేర్పింది. ఖాలాకూ ఆవిడకూ నేను ఈ జన్మకు దణ్ణం పెట్టుకుంటాను. సర్టిఫికెట్ మాత్రం ఇప్పటికీ లేదు. ఎవరైనా అడిగితే మామ కనుబొమ్మల సంగతి చెప్పేదాన్ని.

దుకాణం నిలిచింది. ఎనభైల్లోకి వచ్చేసరికి పరదా ఇవతల మూడు కుర్చీలు, అవతల ఒకటే. మామ ఆ ఒక్కదాన్నీ ఏలుకున్నాడు. అన్నేళ్లలో ఒక్కనాడు కూడా పరదా దాటలేదు. ఏమన్నా అడగాలంటే దగ్గేవాడు, నేను బయటికి వచ్చేదాన్ని.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. గిరాకీల గడ్డాలు తానే మానేశాడు. తన గడ్డం మాత్రం ఇంకొక మంగలి చేతిలో పెట్టనని పంతం. రోజూ ఎక్కడో తెగేది, రక్తం ఆగడానికి పటిక రుద్దుకునేవాడు. ఏమీ చూడనట్టు మేమంతా నటించేవాళ్లం.

ఒక మంగళవారం మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే కుర్చీలు తుడుచుకుంటున్నాను. పరదా అవతల దగ్గు.

"లోపల ఎవరన్న ఉన్నరా బిడ్డా?"

"సెలవు గద మామా. ఎవరుంటరు?"

"మరి నేను రావొచ్చునా?"

పరదా తీసి పట్టుకున్నాను. చేతిలో గుడ్డలో చుట్టిన తన కత్తితో, చెప్పులు బయట విడిచి వచ్చాడు. కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు. నేను నురగ చేసి పూశాను. కుండ మీద నేర్చిన కత్తి ఇన్నేళ్లకు మనిషి ముఖం మీదికి వచ్చింది. కత్తి చెంప దగ్గరికి తెచ్చేసరికి, వణుకుతున్న ఆయన చెయ్యి పైకి లేచి తన చెంప తనే సాగదీసి పట్టుకుంది.

"మామా, ఇది దారం కాదు, కత్తి. తోలు నేను పట్టుకుంట."

ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నా ఎడమచేతి బొటనవేలు దాని చోటు అది వెతుక్కుంది. ఖాలా ఉంటే ఆ రోజు మణికట్టు మీద కొట్టేది కాదు.

అయ్యాక ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యి చాపాడు. "పటిక ఇయ్యి."

"ఏడ తెగలే మామా. పటికెందుకు?"

వేళ్ల వెనకతో చెంప మీద, గడ్డం కింద, చెవి పక్కన మెల్లగా తడుముకున్నాడు, గిరాకీలకు చేసి చూసుకున్నట్టే. తర్వాత కుర్చీలో ఇంకా వెనక్కి వాలాడు.

"గట్లయితే జర సేపు ఈడనే కూసుంట బిడ్డా."