మామ కారు కింద చప్పుడు

ఆ రోజుల్లో నా నోటికి సెలవు ఉండేది కాదు. నాందేడ్ కాలేజీలో మరాఠీ వక్తృత్వ పోటీల్లో రెండు కప్పులు గెలిచి ధర్మాబాద్‌కు తిరిగొచ్చిన కొత్త. ఎవరైనా తుమ్ము వినబడిందని గడపలో ఆగితే చాలు, తుమ్ముకూ ప్రయాణానికీ సంబంధమేమిటో రుజువు చెయ్యమని పట్టుకునేవాణ్ణి. (అలా నేను పట్టుకున్న ఒకాయనకు నిజామాబాద్ రైలు తప్పిపోయింది. అది తుమ్ము ఫలితమేనని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.)

మా మేనమామకు ధాన్యం మార్కెట్లో కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం, ఎవరి దగ్గరో కొన్న పాత కారు ఉండేవి. ముందు బంపరు కింద వేలాడే లావుపాటి ఇనుప తీగకు ప్రతి శనివారం ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు కట్టేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా నేను కటింగ్ ప్లేయరు పట్టుకుని బయలుదేరాను. నిమ్మకాయను మాత్రమే తీస్తే మళ్లీ కడతాడు. మూఢనమ్మకాన్ని మూలంతో సహా పెకలించాలి కదా! తీగనే కోశాను. లోపలికి పోయిన ముక్కను కూడా లాగి మురుగు కాలువలో పారేశాను.

మర్నాడు కారు కదిలితే కింద రేకు ధడధడ కొట్టుకుంటున్న చప్పుడు. దుకాణం ముందు దిగుతూనే మామ, హమాలీలందరికీ వినిపించేలా అందుకున్నాడు.

"ఏంది అల్లుడా, నిమ్మకాయ తీసినవు, బండికి గాలి సోకింది. ఇగ విను దాని ఏడ్పు!"

"గాలి గాదు మామా. ఇనుము చప్పుడది. దానికో కారణం ఉంటది."

"ఉంటే దొర్కవట్టు. దొర్కితే ఇగ జన్మల బండికి నిమ్మకాయ కట్ట. దొర్కకపోతే వచ్చే శనివారం అందరి ముంగట నువ్వే కట్టాలె!"

"అగో, భాషణాల సారు నిమ్మకాయ కడ్తడంట!" అన్నాడొక హమాలీ, బస్తా దించి మరీ. రెండు కప్పుల పరువు ఆ క్షణంలో నా మెడకు వేలాడింది. కారును నేరుగా బండ్లు బాగుచేసే మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను.

మిస్త్రీ కారును షెడ్డులోని గొయ్యి మీద నిలబెట్టి, తాను లోపలికి దిగి, "రా భయ్, నువ్వే సూడు" అన్నాడు. అప్పటిదాకా నాకు కారంటే పైనున్న భాగమే. కింద వేరే ఊరుంది. ఎండిన బురదలో అతుక్కున్న వడ్ల పొట్టు, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలియని గొట్టాలు, రాళ్లు తగలకుండా ఇంజను కింద అడ్డుగా పెట్టిన రేకు. ఆ రేకు ముందు మూలన ఊగుతోంది. దాన్ని పట్టుకోవాల్సిన స్టడ్డు (కారు ఒంటికే అతికించి ఉండే మర మేకు) సగానికి విరిగి, మొండి మాత్రం మిగిలింది.

"ఇది నిన్న ఇర్గింది గాదు. తుప్పు సూడు, ఏడాది దాటింది" అన్నాడు మిస్త్రీ.

నాలో వాది లేచాడు. "మరి ఏడాది నుంచి చప్పుడు ఎందుకు రాలే?"

మిస్త్రీ రేకు చిల్లు మీద వేలు పెట్టాడు. చిల్లు అంచు ఒకవైపు ఒరిసి తళతళలాడుతోంది. "ఈడ ఇనుప తార్ కట్టి బంపరుకు లాగిండ్రు. ముందుగాల బండి నడిపినోళ్లు కట్టి ఉంటరు. గా తార్ మీద్నే రేకు నిలవడ్డది. ఎవడో పాగల్ కోసిండు."

ఇంజను నుంచి ఒక నూనె చుక్క జారి నా చెంప మీద పడింది. ఆ పాగల్ దాన్ని తుడుచుకోకుండానే తర్వాతి ప్రశ్న అందుకున్నాడు.

"కొత్తది వెల్డింగ్ చెయ్యరాదా?" అన్నాను.

"పైన వైర్లున్నయి. నిప్పురవ్వ వడ్డదా, బండి బిర్యానీ అయితది" అంటూ ఆయన మొండి నడుమ సుత్తితో చిన్న చుక్క కొట్టి, అక్కడే అవతలికి చిల్లు పడేదాకా మెల్లగా డ్రిల్లు దింపాడు. చుక్క లేకపోతే డ్రిల్లు జారుతుందట. పైనుంచి బోల్టు దించి, కింద వెడల్పాటి వాషరు వేసి నట్టు బిగించాడు. నేను టార్చి పట్టుకుని ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉన్నాను. రేకును గుద్ది చూశాడు. చప్పుడు లేదు.

పందెం గెలిచాను. తీగ సంగతి దాచేస్తే గెలుపు పూర్తిగా నాదే. కానీ ప్రతివాణ్ణీ నిజం చెప్పమని పీడించినవాణ్ణి, దాచడానికి మనసు రాలేదు. దుకాణంలో నిలబడి తుప్పుతో మొదలుపెట్టి వరుసగా చెప్పాను.

"గవన్ని కాదు," అని మామ చెయ్యెత్తాడు. "ఒక్క ముచ్చట చెప్పు. నిమ్మకాయ తీగె నువ్వు కోస్తేనే చప్పుడు షురువైందా, లేదా?"

"అయింది మామా, కానీ..."

"కానీ గీనీ లేదు! పొద్దుగాల నేను చెప్పింది గదే గదరా!"

దుకాణం నవ్వులతో దద్దరిల్లింది. మామ మాత్రం మాట తప్పలేదు. "కారణం దొర్కింది గద" అని కారుకు నిమ్మకాయ కట్టడం ఆ రోజే మానేశాడు.

నా 'కానీ' తర్వాతి భాగం మాత్రం అరగంట సాగింది. ఇప్పుడైతే "తీగె కోసింది నేనే మామా" అని ఒక్క ముక్క చెప్పి చాయ్ తాగేవాణ్ణి. ఆ కుర్రవాడు మాత్రం, హమాలీలు బస్తాలతో పక్కనుంచి పోతుంటే, నిమ్మకాయ వేరు తీగ వేరని ఖాళీ కుర్చీలకు వివరిస్తూ నిలబడే ఉన్నాడు. వాడి దగ్గరికి వెళ్లి, ముందు చెంప మీది నూనె తుడుచుకోరా అని చెప్పాలనిపిస్తుంది.