హ్రౌడా గారి దయ్యం వేషం

“మిమ్మల్ని చూసి పిల్ల మళ్ళీ మాట ఆపేస్తే?”

చలికోటైనా విప్పకుండా, నిలబడే అడిగింది రాద్కా. వంటగదిలో బల్ల దగ్గర కూర్చున్న వెండెలీన్ హ్రౌడా వెంటనే తలెత్తలేదు. గొర్రెతోలు కోటును తిరగేసి ఒళ్ళో వేసుకుని బ్రష్షుతో దువ్వుతున్నాడు. ఆ రోజు డిసెంబరు మూడు. ఐదో తేదీ చీకటి పడుతూనే మికులాష్ సాధువు, దేవదూత, గొలుసూ గోనెసంచీ మోసే దయ్యం కలిసి, పిల్లల మంచిచెడ్డలు విచారించడానికి ఇంటింటికీ వస్తారు. మిగతా రెండు వేషాలకూ మనుషులు మారుతుంటారు గాని, ఆ ఊళ్ళో దయ్యం మాత్రం నలభై ఒక్క ఏళ్ళుగా హ్రౌడాయే.

రాద్కా కూతురు ఓతిల్కాకు నాలుగేళ్ళు. వసంతంలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక ఆ పిల్ల నోరు మూసుకుంది. మూడు నెలలు ఒక్క మాట లేదు. ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టింది. అదీ ఇంట్లోవాళ్ళతోనే, బయటివాళ్ళ ముందు ఇప్పటికీ పెదవి కదపదు. పాల డెయిరీ ప్రయోగశాలలో ఇంజనీరుగా పనిచేసే రాద్కా, పిల్ల రోజుకెన్ని మాటలు పలికిందో గళ్ళ కాగితం మీద గుర్తులు పెట్టుకుంటోంది.

“ఈ ఒక్క ఏడాదికి మా తలుపు వదిలేసి వెళ్ళండి, హ్రౌడా గారూ.”

“వదిలేస్తాను. పై ఇంట్లో గొలుసు చప్పుడవుతుంది, కింది ఇంట్లో అవుతుంది. మన ఇంటికెందుకు రాలేదని పిల్ల అడిగితే ఏం చెబుతారు, ఇంజనీరమ్మా?”

రాద్కా అత్తగారు కూడా పొద్దున్నే తేల్చి చెప్పేసింది: “దయ్యం గడప తొక్కని ఇల్లూ ఒక ఇల్లేనా? నీ మొగుడు చిన్నప్పుడు ఏటా లాగు తడుపుకునేవాడు. ఏమైపోయాడు? ఇవాళ అంత లారీ నడపడం లేదూ?”

హ్రౌడా బ్రష్షు పక్కన పెట్టి కుర్చీ చూపించాడు. మాట మాటకీ మధ్య కాస్త ఆగుతూ తన సంగతి చెప్పాడు. ఆయనకు ఐదేళ్ళప్పుడు ఊళ్ళో దయ్యం వేషం వేసింది పిండిమర బండివాడు. తాగి వచ్చి, పిల్లాణ్ణి గోనెసంచిలో కుక్కి, భుజాన వేసుకుని వాగుదాకా పోయాడు. సరదాకే. చూసినవాళ్ళంతా నవ్వారు. ఆనాటినుంచి హ్రౌడాకు నత్తి పట్టుకుంది. పద్నాలుగేళ్ళొచ్చేదాకా బడిలో నోరు విప్పలేదు. పెద్దయ్యాక రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరాడు. రైలుకు జెండా చూపిస్తే చాలు, దానితో మాట్లాడక్కర్లేదు.

“అలాంటి మీరే ఆ వేషం ఎందుకు వేస్తున్నారు?” అంది రాద్కా.

“బండివాడు పోయాక ఎవడో ఒకడు వేయాలిగా. వాడెవడో, ఏం చేస్తాడో అని కిటికీ వెనక వణుకుతూ నిలబడటం దేనికి? నేనైతే ఏం చేస్తానో నాకు తెలుసు. పైగా దయ్యానికి మాటలతో పని లేదు. బ్ల్ బ్ల్ బ్ల్ అంటే సరిపోతుంది.”

గొలుసు మరీ గట్టిగా మోగకుండా లంకెలకు గుడ్డ చుట్టి ఉంచాడు. ఆయన గడప దాటడు. చిన్నపిల్లలున్న ఇంటి ముందు మెట్టు మీద కూర్చుండిపోతాడు. సంచి నిండా అల్లరి పిల్లలకిచ్చే పచ్చి బంగాళాదుంపలే, పిల్లలకు చోటు లేదు. ఇవన్నీ చెప్పినా రాద్కా గుండె కుదుటపడలేదు. చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. దయ్యం ఏమేం చేయకూడదో పద్నాలుగు అంశాలు, వరుస సంఖ్యలతో, పైన ఓతిల్కా పేరుతో.

“కాగితమెందుకమ్మా, గుర్తుంటుంది,” అన్నాడాయన.

ఆమె వినలేదు. బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆ బల్ల మీదే ఊళ్ళోని తల్లులు పిల్లల తప్పులు రాసిచ్చిన చీటీలున్నాయి, మికులాష్ చదివి మందలించడానికి.

ఐదో తేదీ సాయంత్రం మెట్ల మీద గంట మోగింది. రాద్కా ఓతిల్కా మణికట్టు పట్టుకుని తలుపు తీసింది. ఆ ఏడాది మికులాష్ మాంసం కొట్టు కద్లెచిక్. అప్పటికే మూడిళ్ళలో మర్యాదగా పోసిన ప్లమ్ పండ్ల సారా ముక్కు మీద ఎర్రగా కనిపిస్తోంది. పక్కన దేవదూతగా పోస్టాఫీసు అమ్మాయి. హ్రౌడా ముఖానికి మసి పూసుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“పాపా, కానుకకు ముందు పద్యం చెబుతావా?” అని అడిగాడు కద్లెచిక్.

ఓతిల్కా వెనక్కి జరిగి తల్లి చాటుకు చేరింది. పెదవులు బిగుసుకున్నాయి. ఆసుపత్రినుంచి వచ్చిన రోజు కూడా సరిగ్గా ఇలాగే ఉన్నాయి. రాద్కా పట్టు ఇంకా బిగించింది.

కద్లెచిక్ గొంతు సవరించుకుని చీటీ విప్పాడు. “ఓహో, నీది పెద్ద చిట్టాయే. ఒకటి. గొలుసు ఆడించకూడదు.”

హ్రౌడా బల్ల మీది చీటీల్లో కలిసిపోయిన రాద్కా కాగితం అది. ఆపమని ఆమె రెండో చెయ్యి ఊపింది, ఆయన తలెత్తలేదు.

“రెండు. నాలుక బయట పెట్టకూడదు. మూడు. గడప దాటి లోపలికి రాకూడదు.” ఆయన కనుబొమలు ముడిపడ్డాయి గాని, చదువు ఆగలేదు. “నాలుగు. గోనెసంచి ఎవరికీ చూపించకూడదు. ఏం పిల్లవే నువ్వు?”

ఓతిల్కా చెయ్యి విదిలించుకుని ముందుకొచ్చింది.

“నేను కాదు. గొలుసు వాడిది. నాలుక పెట్టేదీ వాడే. నాకసలు సంచే లేదు.”

మెట్ల మీద దయ్యం తల దించుకుని, తప్పు ఒప్పుకున్నట్టు, సన్నగా “బ్ల్” అంది.

“మరేం చేద్దాం వీణ్ణి?” అన్నాడు కద్లెచిక్.

“బంగాళాదుంప ఇవ్వు. పచ్చిది.”

దయ్యం రెండు చేతులా అందుకుంది. ఓతిల్కాకు దేవదూత ఇచ్చిన పొట్లంలో ఆపిల్, వాల్‌నట్లు ఉన్నాయి. పిల్ల లోపలికి పరుగెత్తి నాయనమ్మకు అంతా చెప్పడం మొదలుపెట్టింది. రాద్కా మెట్లు దిగి హ్రౌడాను అందుకుంది.

“ఆ కాగితం... నా తెలివితక్కువ.”

“కాగితం మేలే చేసిందిలెండి.” ఆయన ఒక మాట దగ్గర ఆగి, మళ్ళీ అందుకున్నాడు. “పిల్ల మణికట్టు చూశారా? మీ వేళ్ళు అచ్చుపడ్డాయి. తలుపు తీయగానే అది నన్ను చూడలేదు. మీ ముఖం చూసింది. అంత గట్టిగా పట్టుకున్నారంటే ఏదో ఘోరమే వచ్చిందనుకుంది. పట్టుకోకండి, ఇంజనీరమ్మా. అరచెయ్యి చాపి పక్కన ఉంచండి. భయమేస్తే అదే పట్టుకుంటుంది.”

రాద్కాకు భయం తగ్గలేదు. జనవరిలో ఓతిల్కాను బాలబడిలో చేర్చారు. రోజూ గేటు దగ్గర రాద్కా కోటు జేబులోంచి చెయ్యి తీసి, అరచెయ్యి చాపి, పిల్ల పక్కన నిలబడుతుంది. నిన్న ఓతిల్కా ఆ చెయ్యి పట్టుకుంది, చాలాసేపు. ఇవాళ తన ఉన్ని చేతితొడుగు ఊడదీసి ఆ అరచేతిలో పెట్టి, తనంతట తానే లోపలికి నడిచింది.