పెద్దాయన స్పీకర్లో చెప్పిన మాట

మా ఐదేళ్ల బాబుకు ఆటిజం. వేంపల్లె దగ్గర ఒకాయన ఇచ్చే పసరు తాపితే మాటలొస్తాయని మా మామ నమ్మకం. ఈ రోజు ప్రొద్దుటూరులో డాక్టరమ్మకు ఆ సీసా చూపిస్తే మండిపడ్డారు. "ఇందులో ఏముందో ఎవరికీ తెలియదు. వెంటనే ఆపండి, స్పీచ్ థెరపీకి మాత్రం మానకుండా రండి" అన్నారు.

మామకు రోషం వచ్చింది. మా ఊళ్లో పొలం గట్టు తగాదా నుంచి పోలీసు కేసు దాకా ఏదైనా సరే, మా పార్టీ పెద్దాయన ఒక్క ఫోనుతో తేలిపోతుంది. ఇక్కడా అంతే అనుకున్నాడు. ఆయనకు ఫోన్ చేసి, డాక్టరమ్మకు వినపడాలని స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

"పెద్దాయనా, మా మనవనికి పసరు తాపొద్దంటాంది ఈ డాక్టరమ్మ. నువ్వొక మాట చెప్పు."

అటునుంచి ఊరంతా భయపడే ఆ గొంతు మెల్లగా పలికింది.

"ఆపెయ్యప్పా. మా మనవడూ మీవోని మాదిరే. అదే పసరు తాపినాం. ఫిట్స్ వచ్చి సచ్చి బతికినాడు. ఆయమ్మ చెప్పినట్టు ఇను."

"మీవోడు అమ్మా అని పిలుస్తాండాడా?" అని అడిగాడు.

మామ ఫోన్ పెట్టేశాడు. సీసా అక్కడి చెత్తబుట్టలోనే పడేశాడు.

డాక్టరు మాట మా ఇంట్లో చెల్లాలంటే పార్టీ ఫోన్ కావాల్సి వచ్చింది, నవ్వుకోండి. ఆయన పేరు మాత్రం అడగొద్దు.

ఎన్నికలప్పుడల్లా ఊరంతా ఆ పెద్దాయన ఇంట్లోనే భోజనాలు చేశాం. అలాంటి పిల్లవాడు ఉన్నాడని ఒక్కరికీ తెలియదు. మేమంతా తింటున్నప్పుడు వాణ్ణి ఏ గదిలో పెట్టి తలుపేసేవారో, మీలో ఎవరికైనా తెలుసా?