సాక్సులు తొడిగిన జొన్నకంకులు

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే కొమురమ్మతో వాదించి గెలిచినవాళ్లు చార్మినార్ పక్కనున్న మా మొఘల్‌పురాలో లేరు. జీవశాస్త్రం చెప్పే నేనూ గెలవలేదు.

ఆమె పెళ్లయి కొడంగల్ పక్క పల్లె నుంచి పట్నం వస్తుంటే వాళ్లమ్మ కొంగున కట్టి ఇచ్చింది పచ్చజొన్నలు. వాన మీదే పండే పాతరకం. ముప్పై ఏళ్లుగా అద్దె ఇంటి డాబా మీద పెయింటు డబ్బాల్లో వేస్తూ ఆ విత్తనాన్ని బతికించుకొచ్చింది. నిరుడు పావురాలు పంటంతా తినేశాయి. పాతవి ఒక్క గుప్పెడు మిగిలాయి. పుట్టినూళ్లో అడిగిస్తే, అందరూ పత్తే వేస్తున్నారట.

జూన్‌లో ఆ గుప్పెడూ పట్టుకొని నా దగ్గరికొచ్చింది. "సారూ, బడెనుక జాగ ఉత్తగనే పడున్నది. నాకియ్యుండ్రి. పోరగాండ్లకు ఎవుసం నేర్పిస్త."

ఉన్నదంతా చల్లేయకుండా కొంచెం దాచుకోమన్నాను.

"ఇంకేడాదైతె గవి మొలువయి సారూ. ఏస్తె ఇప్పుడే."

తొలకరి పడగానే తొమ్మిదో తరగతి పిల్లలు జొన్న, కంది, బొబ్బర కలిపి సాళ్లలో విత్తారు. ముసలి గింజలు కదా, జొన్న నూట ముప్పై మొక్కలే నిలిచాయి. అంతలో వాన మొహం చాటేసింది. పద్దెనిమిది రోజులు. ఆకులు చుట్టుకుపోయాయి. నాది తెనాలి, కాలువ నీళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి. ప్రాణం ఒప్పక నీళ్ల పైపు పట్టుకొని వెళ్లాను.

"ఏంది సారూ గిది? బంద్ జెయ్యుండ్రి! మీద తడిపితె వేరు మీదనే ఉంటది. దూపైతెనే నీళ్లు దేవులాడుకుంట లోపలికి పోతది."

"ఎండిపోతే?"

"పోతె నా ఇత్తనం పోతది. మీకేంది ఫికర్?"

నోరు పెద్దదే గానీ, పొద్దున్నే వచ్చి ఒక్కో ఆకూ తడిమి చూసుకోవడం నేనెరుగుదును. ఆమెకూ భయమే. పిల్లలకు మాత్రం కనబడనివ్వలేదు. వాళ్లకు చిన్న పారలిచ్చి పైమన్ను గుల్ల చేయించింది. అలా చేస్తే లోపలి తడి ఆవిరైపోదట. పాఠం చెప్పే నాకు ఆ పని తట్టనేలేదు, సిగ్గేసింది. పందొమ్మిదో రోజు వాన పడింది.

కంకులు గింజ పట్టేసరికి చార్మినార్ పావురాలన్నిటికీ కబురందింది. తరమడానికి పిల్లలు రాళ్లు ఏరుకుంటుంటే వాళ్లలోనే ఉన్న రుఖియా అడ్డుపడింది. "కొట్టొద్దు సార్! మా దాదీ వాటికి రోజూ దానా ఏస్తది. కొడితే పాపం అంటది."

"మరి నా కంకులను తింటె పాపం గాదా?" అని కొమురమ్మ లొల్లి పెట్టింది.

రుఖియా కాసేపు ఆలోచించి, కాలి సాక్సు విప్పి దగ్గరున్న కంకికి తొడిగింది. మర్నాడు తరగతంతా ఇళ్లలోని పాత సాక్సులు మోసుకొచ్చింది. హెడ్మిస్ట్రెస్ విమలాదేవి గారు చూసి, నవ్వి నవ్వి నిలబడలేక కుర్చీ తెప్పించుకున్నారు. తర్వాత వాళ్లాయనవి నాలుగు జతలు పంపారు. పావురాలు రెండు రోజులు చుట్టూ తిరిగి, విసుగొచ్చి వెళ్లిపోయాయి.

కోత అయ్యాక పిల్లలే కంకులు కొట్టి, చెరిగారు. కొమురమ్మ గింజలను నలభై పొట్లాలు కట్టి, పిల్లకొకటి చేతిలో పెట్టింది. చూస్తే చేట ఖాళీ.

"నీకు ఉంచుకోలేదేం, కొమురమ్మా?"

ఆమె చేట దులిపి చంకన పెట్టుకుంది. "ముప్పై ఏండ్లు ఒక్కదాన్నే భయపడ్డ సారూ. ఇగ నలభై ఇండ్లోళ్లు భయపడనీ!"