సాలూరు అంబులెన్సు కామ్‌షాఫ్ట్

పందొమ్మిది వందల అరవై ఎనిమిది వానాకాలంలో, మధ్యాహ్నం రెండు గంటలకు సాలూరు సైనిక క్యాంపులో దిగాను. ఆరు గుడారాలు, మడమ లోతు బురద, ఎదురుగా మబ్బు పట్టిన కొండలు. నేను మెకానిక్ హవల్దారుని. చేతిలో రెంచీల పెట్టె, ఒక నోటుబుక్కు.

మర్నాడు ఉదయం ఏడింటికి కొండమీది మా కాపలా పోస్టు నుంచి వైర్‌లెస్ వచ్చింది. ఆపరేటరు శ్రీకాకుళం వాడు.

“వంటోడికి జొరం నూట నాలుగు. మాట తడబడతన్నాది. బండెప్పుడొస్తాది? ఓవర్.”

కెప్టెన్ ఆర్డరు: నాలుగింటికల్లా అంబులెన్సు కారు బయల్దేరాలి. చివరి ఆరు మైళ్లు లారీ పట్టని సన్నదారి. మాకున్న చిన్న బండి అదొక్కటే. ఇంజను ఎక్కడో విప్పి కొత్తగా కట్టింది, కాగితాలు లేవు. చదునులో పరిగెత్తేది, కాస్త ఎత్తుకే చచ్చేది.

రేకు పళ్లెం మీద 360 గీతలు గీసి, పిస్టన్లను ఆడించే ఇరుసుకు, అంటే క్రాంకుకు, బిగించాను. పుస్తకం ప్రకారం గాలి పీల్చే వాల్వు, పిస్టను పైకి చేరడానికి 5 డిగ్రీల ముందు తెరుచుకోవాలి. ఇక్కడ 22. గేరు పన్ను తప్పిందనుకున్నాను. ఒక పన్నంటే 18 డిగ్రీలు. ఒకటి వెనక్కి వేశాను. 4 వచ్చింది. సంతోషించాను. బండి క్యాంపు గేటు దగ్గరి వాలు కూడా ఎక్కలేదు. అప్పటికి పదకొండున్నర.

ఊళ్లోంచి లారీలు బాగుచేసే మేస్త్రిని పిలిపించాను. బీడీ ఆర్పకుండానే పళ్లెం చూశాడు.

“తలుపు తీసింది సూసినావు హవల్దారు బాబూ. మూసింది సూసినావేటి?”

చూడలేదు. పిస్టను కిందికి చేరాక 45 డిగ్రీలకు మూసుకోవాలి. మాది ఇప్పుడు 80. మొత్తం తెరిచి ఉండేది 230 బదులు 264. పన్ను తప్పలేదు, వాల్వుల్ని తెరిచి మూసే కామ్‌షాఫ్టే వేరు.

“ఇది పరుగుకి సేసిన కామ్. కొండకి కాదు.”

“మార్చడానికి ఇంకోటి లేదు మేస్త్రీ.”

“మార్సమన్నానేటి? ఘాటెక్కే లారీకి మేం గుర్తు కంటే ఒక పన్ను ముందుకేస్తాం. నువ్వేమో ఎనక్కేసినావు.”

లెక్క కట్టాను. ఇప్పుడున్న చోటు నుంచి రెండు పళ్లు ముందుకు వేస్తే 40కి తెరుచుకుంటుంది, 44కి మూసుకుంటుంది. మూయడం ఆలస్యమై పీల్చిన గాలి వెనక్కి పోవడం వల్లే బలం చచ్చింది. వాల్వులు సిలిండరు పక్కనుండే పాత ఇంజను కాబట్టి పిస్టనుకు తగిలే భయం లేదు. మూడున్నరకు బిగించాం. బండి కదలకుండా ఇంజను నడిపితే కుంటింది.

“కుంటనీ. కొండకాడ నడుస్తాది,” అన్నాడు మేస్త్రి.

నడిచింది. బండిలో నేనూ వెళ్లాను. వంటవాణ్ణి ఆ సాయంత్రమే కిందికి దించాం. బతికాడు.

పదకొండు నెలలకు బదిలీ అయి విజయనగరంలో ఇల్లు చేరాను. ఆ డిగ్రీలు నోటుబుక్కులో ఉన్నాయి. బుక్కు తెరవకపోయినా కనబడేది పోస్టుకు ఎక్కే చివరి మలుపు. పోస్టులోని ఆరుగురు వానలో దారి అంచున వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతుల్లో ఒక్కో బండరాయి, ఇంజను ఆగితే చక్రాల కింద వేయడానికి. మేం ఆగలేదు. దాటిపోతూ అద్దంలో చూశాను. ఒక్కరూ రాయి దించలేదు.